లేదన్నారు సరే, ఎంతవరకు వెతికారు?

సీసా నీళ్లలో పురుగుమందుల అవశేషాలు 'గుర్తించగల స్థాయికి లోపు' ఉండాలి. 2003 వరకు మన దేశంలో ప్యాకేజీ తాగునీటికి ఉన్న నిబంధన ఇదే. వినడానికి ఎంతో కఠినంగా ఉంటుంది. అసలు కనబడనే కూడదంటున్నారు, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ ఎంత సూక్ష్మంగా చూసినప్పుడు కనబడకూడదో ఆ వాక్యంలో లేదు. అలాంటప్పుడు పరీక్ష ఎంత మొరటుగా ఉంటే నీళ్లు అంత శుభ్రంగా తేలతాయి.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బజారులో దొరికే సీసా నీళ్లను సొంత ల్యాబులో పరీక్షించి, లిండేన్, డీడీటీ, మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ ఉన్నాయని బయటపెట్టింది. అప్పటికే సీసా నీళ్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు ఉంది, మందూ ఉంది. దేశమంతా గగ్గోలు పుట్టాక నిబంధన మార్చారు. 2004 జనవరి నుంచి ఏ ఒక్క పురుగుమందైనా లీటరుకు 0.0001 మిల్లీగ్రాము, అన్నీ కలిపి 0.0005 మిల్లీగ్రాము దాటకూడదని అంకె వేసి చెప్పారు.

ఆ అంకె ఐరోపా నుంచి వచ్చింది. 1980లో అక్కడి తాగునీటి ఆదేశంలో పెట్టుకున్నది. ఏ మందు ఎంత హాని చేస్తుందో విడివిడిగా లెక్క కట్టి పెట్టిన అంకె కాదది. తాగే నీళ్లలో పురుగుమందు ఉండకూడదన్నది వాళ్ల ఉద్దేశం. సున్నాను కొలిచే యంత్రం లోకంలో లేదు కనుక, ఆనాటి యంత్రాలు నమ్మకంగా చూడగలిగిన అట్టడుగు అంకెను సున్నా స్థానంలో నిలబెట్టారు. ఎంత కిందికి చూడగలమో తేల్చుకున్నాకే వాళ్లు చట్టం రాశారు. మనం చట్టం రాసి, ఎంత కిందికి చూడాలో చెప్పడం మరిచిపోయాం.

నేను నీళ్ల ల్యాబులో కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ తెలిసినవాళ్లు బోరు నీళ్ల రిపోర్టు పట్టుకుని ఇంటికి వస్తుంటారు. అందరూ ముందు వేలు పెట్టి చూపించేది సీసం, ఆర్సెనిక్, పాదరసం వరుసల్నే. వాటికెదురుగా 'బీడీఎల్' అనో 'ఎన్‌డీ' అనో ఉంటుంది. గుర్తింపు హద్దుకు లోపు, గుర్తించలేదు అని వాటి అర్థం. వచ్చినవాళ్లు మాత్రం 'లేదు' అని చదువుకుంటారు. వాళ్ల తప్పేమీ లేదు, ఆ మాట పక్కన ఉండాల్సిన అంకెను చాలా రిపోర్టులు ముద్రించవు.

రైసుమిల్లు కాటా మీద ముక్కుపుడక పెడితే ముల్లు కదలదు. అంతమాత్రాన ముక్కుపుడకకు బరువు లేదనం కదా, కంసాలి త్రాసు తెమ్మంటాం. నీళ్ల దగ్గరికొచ్చేసరికి ఆ అడగడం మానేస్తున్నాం.

విజయవాడలో మా ఇంటికి దగ్గర్లోని అపార్టుమెంట్ల సంఘం కార్యదర్శి ఒకరు ఇలాగే ఒక రిపోర్టు తెచ్చారు. "మేడమ్, సీసం బీడీఎల్ వచ్చింది. పిల్లలకు ఇంక భయం లేదుగా?" అన్నారు. "హద్దు ఎంతో అడిగారా బాబూ?" అన్నాను. అలా అడగాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ల్యాబుకు ఫోన్ చేయిస్తే లీటరుకు 0.1 మిల్లీగ్రాము అన్నారు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 సీసానికి పెట్టిన గరిష్ఠ పరిమితి 0.01 మిల్లీగ్రాము. అంటే ఆ నీళ్లలో పరిమితికి తొమ్మిది రెట్లు సీసం ఉన్నా ఆ కాగితం మీద బీడీఎల్ అనే వస్తుంది. డబ్బు కట్టి, ఆశపడి తెచ్చుకున్న ఆ రిపోర్టు వాళ్లకు ఏమీ చెప్పలేదు.

మళ్లీ నమూనా తీయించాం. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీళ్లను తెల్లవారి మొదటి పట్టులోనే ఒక సీసాలోకి, కాసేపు వదిలేశాక మరో సీసాలోకి పట్టాం. సూక్ష్మంగా కొలిచే వేరే ల్యాబులో మొదటి సీసాలో లీటరుకు 22 మైక్రోగ్రాములు, రెండోదాంట్లో 6 వచ్చాయి. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు, ప్రమాణం ఆ లెక్కన 10. పాత పీవీసీ గొట్టాలు గట్టిగా నిలవడానికి సీసపు సమ్మేళనాలు కలిపేవారు. వాటిని తగ్గించడానికి కేంద్రం నియమాలు తెచ్చింది 2021లో. ఆ భవనం గొట్టాలు అంతకు చాలా ముందువి. పొద్దున్నే పట్టిన నీళ్లతో వంట చేయవద్దని, కాసేపు వదిలాక పట్టుకోమని ఆ సంఘం ఇళ్లన్నిటికీ చెప్పింది. ఈ మాట మొదటి రిపోర్టు చూసి ఎవరూ చెప్పలేకపోయేవారు.

యంత్రాల మధ్య తేడా అంత ఉంటుంది. మంటలోకి నీటిని తుంపరగా పంపి, సీసపు దీపం వెలుగును ఎంత పీల్చుకుంటుందో చూసే ఫ్లేమ్ ఏఏఎస్ మా కాలంలో ల్యాబుకు గర్వకారణం. ఇనుము, జింకు, మాంగనీసు దానితో హాయిగా చూడొచ్చు. సీసం విషయంలో మాత్రం నమూనాను చిక్కబరచకపోతే 50 మైక్రోగ్రాముల దగ్గరే అది తడబడుతుంది. అదే సూత్రంతో గ్రాఫైట్ గొట్టంలో ఒక్క బొట్టును వేడిచేసి చూసే యంత్రం ఒక మైక్రోగ్రాము దాకా దిగుతుంది. ఐసీపీ-ఎంఎస్ అనే మరో యంత్రం అందులో పదో వంతుకన్నా కిందికి వెళ్తుంది. మూడింటి రిపోర్టుల్లోనూ బీడీఎల్ అనే మూడక్షరాలు ఒకేలా కనిపిస్తాయి.

మరి ఈ హద్దును ఎవరు నిర్ణయిస్తారు? యంత్రం అమ్మిన కంపెనీ కరపత్రంలో ఒక అంకె ఉంటుంది. దాన్నే ఎత్తి రిపోర్టులో రాసే ల్యాబులున్నాయి. అది తప్పు. ఆ యంత్రంతో, ఆ రసాయనాలతో, ఆ గదిలో, ఆ మనిషి చేతులతో ఎంత కిందికి చూడగలమో ప్రతి ల్యాబూ తనంతట తాను తేల్చుకోవాలి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ 1984లో నిబంధనల్లో చేర్చిన పద్ధతి ఇందుకు బాగా వాడుకలో ఉంది. శుభ్రమైన నీళ్లలో కొద్దిగా, తెలిసిన మోతాదులో సీసం కలిపి, కనీసం ఏడు నమూనాలు తయారుచేసి, మొదటినుంచి చివరిదాకా అన్ని మెట్లూ దాటించి కొలుస్తాం.

అర్థమవడానికి ఒక లెక్క వేస్తాను. లీటరుకు 2 మైక్రోగ్రాములు కలిపామనుకోండి. ఏడుసార్లకు 1.9, 2.3, 1.7, 2.1, 2.4, 1.8, 2.0 వచ్చాయి. కలిపింది ఒకటే, వచ్చింది ఏడు రకాలు. ఏ కొలతకైనా ఈ ఊగిసలాట తప్పదు, దాన్ని దాచకుండా లెక్కలోకి తీసుకోవడమే మా వృత్తి ధర్మం. ఈ ఏడింటి ఊగిసలాటను అంకెలో చెప్పే ప్రామాణిక విచలనం సుమారు 0.256. ఏడు నమూనాలకు, నూటికి 99 పాళ్ల నమ్మకానికి గణాంక పట్టిక ఇచ్చే గుణకం 3.143. రెండూ గుణిస్తే 0.8. అంటే రీడింగు 0.8 దాటితే సీసం నిజంగా ఉందని, అది యంత్రం ఊగిసలాట కాదని ధైర్యంగా చెప్పొచ్చు. ఇది గుర్తింపు హద్దు.

ఉందని చెప్పడం వేరు, ఎంతుందో చెప్పడం వేరు. రెండోదానికి విచలనానికి పది రెట్లు తీసుకోవడం ఆనవాయితీ. ఇక్కడ దాదాపు 2.6. దీన్ని కొలత హద్దు అందాం. ల్యాబుల్లో మొదటిదాన్ని ఎల్‌ఓడీ, రెండోదాన్ని ఎల్‌ఓక్యూ అంటాం. 0.8కీ 2.6కీ మధ్య వచ్చిన రీడింగుకు 'ఉంది, కానీ ఈ అంకెను పూర్తిగా నమ్మవద్దు' అని అర్థం. నిజాయితీగల ల్యాబు ఆ ముక్క రాస్తుంది.

ఈ ఆలోచనకు గట్టి పునాది వేసినవాడు లాయిడ్ క్యూరీ. అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ శాస్త్రవేత్త. 1968లో ఆయన రాసిన వ్యాసం అనలిటికల్ కెమిస్ట్రీ పత్రికలో వచ్చింది. అందులో ఒక విషయం నన్ను ఈనాటికీ వదలదు. నీళ్లలో సీసం సరిగ్గా ఆ 0.8 దగ్గరే ఉందనుకోండి. ఊగిసలాట రెండువైపులా ఉంటుంది కనుక సగం సార్లు రీడింగు హద్దుకు పైన, సగం సార్లు కింద వస్తుంది. అంటే నిజంగా ఉన్న సీసానికి సగం సార్లు 'లేదు' అనే జవాబు వస్తుంది. 99 పాళ్ల నమ్మకం 'ఉంది' అన్న మాటకే గానీ 'లేదు' అన్న మాటకు కాదు. లేని కాలుష్యాన్ని ఫ్యాక్టరీకి అంటగట్టకుండా ఆ హద్దు గట్టిగా కాపాడుతుంది. ఉన్న విషాన్ని లేదనుకుని తాగేవాడికి అంత కాపుదల లేదు. అందుకే క్యూరీ, ఉన్నదాన్ని తప్పిపోకుండా పట్టుకోవడానికి అంతకంటే ఎత్తున మరో హద్దు ఉండాలన్నాడు.

ఇది కాగితం మీది చర్చగా మిగిలిపోలేదు. పాదరసాన్ని నానోగ్రాముల్లో, అంటే మైక్రోగ్రాములో వెయ్యో వంతుల్లో కొలిచే పద్ధతిని ఈపీఏ తెచ్చినప్పుడు, హద్దు లెక్కించే తీరు సరిగా లేదని అక్కడి పరిశ్రమలు కోర్టుకెక్కాయి. రాజీ కుదిరాక, 2005 నుంచి 2007 దాకా పరిశ్రమలు, రాష్ట్రాలు, ల్యాబులు, పర్యావరణవాదులు ఒక సంఘంగా కూర్చుని వాదించుకున్నారు. చివరికి 2017లో పద్ధతి మారింది. సీసం కలిపిన నమూనాల లెక్క ఒక్కటే చాలదు, ఏమీ కలపని ఖాళీ నమూనాల లెక్క కూడా వేసి, రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్నే హద్దుగా తీసుకోవాలన్నారు.

ఆ మార్పు నాకు ఎంతో సబబుగా తోచింది. ఖాళీ నమూనా అంటే ల్యాబు తన మురికిని తాను కొలుచుకోవడం. గోడ సున్నం దుమ్ము, చేతి తొడుగుల పొడి, నాసిరకం నైట్రిక్ ఆసిడ్, సరిగా కడగని సీసా, వీటిలో ఏదైనా సీసాన్నో జింకునో తెచ్చి కలుపుతుంది. మేం సీసాలను రాత్రంతా ఆసిడ్ నీళ్లలో నానబెట్టి కడిగేవాళ్లం. పరికరం ఎంత ఖరీదైనదైనా ఖాళీ నమూనాలోనే 3 మైక్రోగ్రాములు వస్తుంటే ఆ ల్యాబు 1 మైక్రోగ్రాము చూడగలనని చెప్పుకోకూడదు.

ఇంకో చిక్కు, శుభ్రమైన నీళ్లలో తేల్చిన హద్దు మురుగునీటికి వర్తించదు. ఫ్యాక్టరీ వ్యర్థజలంలో ఉప్పులు ఎక్కువైతే యంత్రం తట్టుకోలేదు, పదింతలు పలచన చేస్తాం. దాంతో హద్దూ పదింతలు పైకి పోతుంది. అత్యంత మురికి నీళ్లకే అత్యంత మందమైన చూపు దక్కుతుందన్నమాట. పలచన చేసినప్పుడు హద్దును మార్చి రాయని రిపోర్టును నేను నమ్మను.

అసలు వెతకనిదానికి ఏ హద్దూ ఉండదు. పటాన్‌చెరు మనందరికీ తెలుసు. అక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం దాదాపు 90 ఔషధ పరిశ్రమల నీళ్లు తీసుకునేది. స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం, శుద్ధి అయి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని 2007లో ప్రచురించింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ మోతాదు ఇది. దాన్ని చూడటానికి నానోగ్రాముల యంత్రం అక్కర్లేదు. కాలుష్యం మొత్తంగా ఎంతుందో చూసే మామూలు బీఓడీ, సీఓడీ పరీక్షలు మాత్రం దాని పేరు చెప్పలేవు.

ఈ హద్దుల మాట పక్కనపెట్టి సగటు తీస్తే ఇంకా ప్రమాదం. ఒక చెరువు నీళ్లలో ఏడాదిలో 12 నెలలూ 50 మైక్రోగ్రాముల హద్దుతో సీసం బీడీఎల్ వచ్చిందనుకుందాం. బీడీఎల్‌ను సున్నాగా వేసుకుంటే ఏడాది సగటు సున్నా. సగం హద్దుగా వేసుకుంటే 25, పూర్తి హద్దుగా వేసుకుంటే 50. ఒకే చెరువు, ఒకే నీళ్లు. మొదటి లెక్కన చెరువు నిష్కళంకం, రెండో లెక్కన ప్రమాణానికి రెండున్నర రెట్లు. నిజానికి ఆ ఏడాది శ్రమంతా కలిపినా ఆ చెరువు సీసం గురించి మనకు తెలిసింది 50కి లోపు అన్న ఒక్క మాటే.

పల్లెల్లో జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు కిట్లతో పరీక్షలు నేర్పుతున్నారు. ఫ్లోరైడు, నైట్రేటు, మిగులు క్లోరిన్ రంగు చూసి చెప్పడానికి అవి మంచి సాధనాలు. నల్గొండలో ఫ్లోరైడు పరిమితి అటో ఇటో తేల్చుకోవడానికి రంగుల పట్టిక పనికొస్తుంది. సీసం, పురుగుమందుల జోలికి అవి వెళ్లలేవు. 'కిట్‌తో చూశాం, నీళ్లు బాగున్నాయి' అని ఎవరైనా అంటే, చూసిన వాటివరకే బాగున్నాయని అర్థం చేసుకోవాలి. ఆ మహిళలకు ఈ సంగతి కూడా నేర్పితే వాళ్లే ఊరికి చెబుతారు.

ఐరోపా 2009లో నదులు, చెరువుల పరీక్షలకు ఒక నియమం పెట్టింది. కొలత హద్దు ప్రమాణంలో 30 శాతానికి మించకూడదు. సీసం తాగునీటి ప్రమాణం 10 మైక్రోగ్రాములకు దాన్ని వర్తింపజేస్తే హద్దు 3 దాటకూడదు. పైన మనం వేసిన లెక్క నెగ్గుతుంది, 50 మైక్రోగ్రాముల ఫ్లేమ్ యంత్రం నెగ్గదు. ఇంత సులువైన గీటురాయి మన ప్రతి తాగునీటి రిపోర్టుకూ ఉండాలని నా గట్టి అభిప్రాయం. హద్దు ముద్రించని బీడీఎల్‌ను ఏ పంచాయతీ, ఏ మునిసిపాలిటీ అంగీకరించకూడదు.

అంతవరకు మీరే అడగండి. నమూనా ఇచ్చేటప్పుడే, డబ్బు కట్టకముందే, సీసానికి, ఆర్సెనిక్‌కు, పాదరసానికి మీ కొలత హద్దు ఎంత అని అడిగి రాయించుకోండి. అది ప్రమాణంలో మూడో వంతుకు మించి ఉంటే ఆ పరీక్ష వాళ్లదగ్గర చేయించకండి, మరో ల్యాబు చూసుకోండి.