ఆర్థిక వ్యవస్థలు – అన్నం ప్రశ్న

మానవుని కోరికలు అనంతాలు. వాటిని తీర్చే సాధనాలు పరిమితాలు. అందుచేత ప్రతి సమాజం మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పుకొనవలసి ఉన్నది. ఏ వస్తువులను ఉత్పత్తి చేయాలి? ఏ విధంగా చేయాలి? ఎవరి కొరకు చేయాలి? ఈ సమాధానాలను బట్టియే ఆర్థిక వ్యవస్థలు వేరగుచున్నవి. వీటిలో మూడవ ప్రశ్నను ఆహారధాన్యాల విషయంలో మనం పరిశీలిద్దాం.

పెట్టుబడిదారీ వ్యవస్థలో ఉత్పత్తి సాధనాలు వ్యక్తుల సొత్తు. లాభాపేక్ష ఉత్పత్తిని నడుపుతుంది. ధర పంపిణీని నిర్ణయిస్తుంది. వ్యక్తి చొరవకు ఇందులో అవకాశం మెండు. అయితే చేతిలో డబ్బు లేనివాని ఆకలి విపణికి వినిపించదు. యుద్ధకాలపు వలస పాలనలో, 1943లో, బెంగాల్ కరవుకు లక్షలాది ప్రజలు బలియైనారు. ధాన్యపు కొరత కంటే, పెరిగిన ధరలకు కొనుగోలు చేయగల శక్తి కూలీలకు లేకపోవడమే ప్రధాన కారణమని అమర్త్య సేన్ 1981లో ప్రచురించిన గ్రంథంలో వివరించారు.

సామ్యవాద వ్యవస్థలో సాధనాలు సమాజపరం, ప్రణాళికయే మార్గదర్శి. 1928లో తొలి పంచవర్ష ప్రణాళికను చేపట్టిన సోవియట్ యూనియన్ త్వరితంగా పారిశ్రామిక దేశమైనది. కాని ప్రభుత్వం రైతుల నుండి బలవంతంగా ధాన్యం సేకరించగా, 1932–33లో యుక్రెయిన్ మొదలగు ప్రాంతాలలో లక్షలాది మంది ఆకలితో అసువులు బాశారు. ప్రశ్నించుటకు స్వేచ్ఛగల పత్రిక గాని, ప్రతిపక్షం గాని అచ్చట లేవు.

స్వతంత్ర భారతదేశం మిశ్రమ ఆర్థిక వ్యవస్థను ఎన్నుకొన్నది. పొలం రైతుదే, అంగడి వర్తకునిదే. అయినను 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థ మద్దతు ధరకు ధాన్యం కొని చౌక ధరల దుకాణాలకు అందజేస్తున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ప్రారంభమైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఈ కోవకు చెందినదే. 1991 సంస్కరణలతో విపణి పరిధి విస్తరించినది. అయినను 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం గ్రామీణులలో 75 శాతం, పట్టణవాసులలో 50 శాతం వరకు చౌక ధాన్యాన్ని హక్కుగా చేసినది.

ఈ విధానంలో లోపాలు లేకపోలేదు. తూకంలో మోసం, ప్రక్కదారి పట్టే బియ్యం, కార్డు దొరకని పేదవాడు మనమెరిగినవే. కాని ఇచ్చట పేదవాడు అడుగవచ్చును, అడిగించవచ్చును.

కనుక వ్యవస్థకు గల పేరును కాక, అది పేదవాని కంచంలో ఏమి వడ్డించినదో, అతని మాటకు ఎంత విలువ ఇచ్చినదో మనం చూడవలెను. రేషన్ దుకాణం ముందు వరుసలో నిలిచి, ఆపై తరగతికి వచ్చే విద్యార్థులు మనలోనే ఉన్నారు. వారికి ఆర్థికశాస్త్రం కేవలం పరీక్షా విషయం కాదు.