డిశ్చార్జ్ అయ్యాక ఆ మందుల కవర్ ఒకసారి విప్పి చూశారా?

ఈరోజు గ్యాడ్జెట్లు లేవు, యాప్‌లు లేవు. మా నాన్న మందుల కవర్ గురించి మాట్లాడుకుందాం.

పోయినేడాది నాన్న నాలుగు రోజులు హాస్పిటల్‌లో ఉన్నారు. డిశ్చార్జ్ రోజు ఎలా ఉంటుందో తెలుసు కదా. బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఒకరు, ఫార్మసీ క్యూలో ఇంకొకరు, బయట ఆటో వెయిటింగ్. సిస్టర్ గారు కవర్ చేతిలో పెట్టి గబగబా చెప్పేసి "అర్థమైందా బాబూ?" అన్నారు. "ఆ, అర్థమైందండీ" అన్నాను. నిజం చెప్పాలంటే ఏమీ అర్థం కాలేదు.

వారం తిరిగేసరికి నాన్నకి పాదాలు వాచాయి. మంచం మీంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి అనేవారు. ఒకరోజు బాత్రూమ్ గుమ్మం దగ్గర పడిపోయారు. అదృష్టం, ఎముక విరగలేదు.

ఆ రాత్రి స్ట్రిప్పులన్నీ టేబుల్ మీద పరిచి కూర్చున్నా. బీపీకి ఎప్పట్నుంచో వాడుతున్న పాత బిళ్లలో ఆమ్లోడిపిన్ 5 ఎంజీ. హాస్పిటల్ వాళ్లు రాసిన కొత్త బిళ్లలో టెల్మిసార్టాన్ 40, దానితో కలిపి మళ్లీ ఆమ్లోడిపిన్ 5. బ్రాండ్ పేరు వేరు, రంగు వేరు, లోపల మందు అదే! అమ్మ పాతదీ కొత్తదీ రెండూ టైమ్ తప్పకుండా ఇస్తోంది. ఆవిడ తప్పేం లేదు. పాతది ఆపాలని పేపర్ మీద రాసి లేదు, అడగాల్సిన నేను అడగలేదు.

పొద్దున్నే రెండు స్ట్రిప్పుల ఫొటోలు డాక్టర్ గారికి పంపితే, పాతది ఆపేయమన్నారు. కొద్దిరోజుల్లో వాపు తగ్గింది.

మన సాఫ్ట్‌వేర్ భాషలో ఇది సింపుల్. పాత లిస్టు, కొత్త లిస్టు ఎవరూ మెర్జ్ చేయలేదు. ఇది మా ఇంటి సమస్య ఒక్కటే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల పొరపాట్లు తగ్గించడానికే ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఒకచోటి నుంచి ఇంకోచోటికి పేషెంట్ మారే సమయాన్ని, అంటే డిశ్చార్జ్ లాంటి వాటిని, అందులో ప్రత్యేకంగా చూడమంది.

మరి మనం ఏం చేయాలి?

ఒకటి. హాస్పిటల్‌కి వెళ్లేటప్పుడే ఇంట్లో వాడే మందులన్నీ ఫొటో తీసి పెట్టుకోండి. డిశ్చార్జ్ రోజు అది చూపించి మూడే ప్రశ్నలు అడగండి: ఏవి కొత్తవి, ఏవి కంటిన్యూ, ఏవి ఆపాలి?

రెండు. బ్రాండ్ పేరు కాదు, అసలు మందు పేరు చదవండి. బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ గానీ బార్‌కోడ్ గానీ ఉండాలని 2023 ఆగస్టు నుంచి మన దేశంలో రూల్ ఉంది. స్కాన్ చేస్తే మందు పేరు, ఎక్స్‌పైరీ కనిపిస్తాయి.

మూడు. చీటీ మీద కోడ్‌లు. ఓడీ అంటే రోజుకి ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, హెచ్‌ఎస్ పడుకునే ముందు. ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే. 1-0-1 అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి.

నాలుగు. ఇంట్లో పెద్దవాళ్లని "అర్థమైందా?" అని అడక్కండి, అందరూ నాలాగే "ఆ" అంటారు. "నాన్నా, రాత్రికి ఏవి వేసుకుంటావో చూపించు" అనండి. ఎక్కడ తడబడతారో అక్కడే మళ్లీ చెప్పండి.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. డౌట్ వచ్చిందని సొంతంగా ఏదీ ఆపొద్దు. ముఖ్యంగా స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే బిళ్లలు ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టే ప్రమాదం ఉంది. అందుకే ముందు డాక్టర్ గారికి ఫోన్ చేయండి.

ఈ వీడియోకి లైక్ తర్వాత కొట్టొచ్చు. ముందు మీ అమ్మానాన్నల మందుల డబ్బా తెరవండి. ఒకే పేరు రెండు స్ట్రిప్పుల మీద కనిపిస్తే రేపే డాక్టర్ గారిని అడగండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!