పంచాయతీ కంప్యూటరు ఎట్లు మాటలాడును?

పంచాయతీ సభ్యులకు ‘ప్రోటోకాల్’ అను మాట క్రొత్తది కాదు. ప్రారంభోత్సవ సభలో ఎవరు ముందుగా మాటలాడవలెను, శిలాఫలకముపై ఎవరి పేరు ఏ వరుసలో చెక్కవలెను అను విషయములపై గ్రామాలలో జరిగెడి వాదములు అందరును ఎరిగినవే. కంప్యూటర్ల లోకమునందును ప్రోటోకాల్ కలదు. ఎవరు ముందు పలుకవలెను, ఎంత పలుకవలెను, విన్నవారు విన్నట్లు ఎట్లు తెలుపవలెను అని ముందుగా కుదుర్చుకొన్న కట్టుబాటునకే ఆ పేరు. భేద మొక్కటే. మనుష్యులు ప్రోటోకాల్ తప్పినను సభ కొంత అలజడితోనైన సాగిపోవును. యంత్రములు తప్పినచో మాట అచ్చటనే ఆగిపోవును.

2025 డిసెంబరు ఎన్నికలలో క్రొత్తగా ఎన్నికైన సభ్యులు ఈ సంగతి తెలిసికొనుట అవసరమని మేము తలంచుచున్నాము. రేషను దుకాణము ముందు వృద్ధురాలు యంత్రముపై వ్రేలుంచి నిలుచుండును. ‘సర్వరు లేదు, రేపు రమ్మ’ని చెప్పుదురు. ఆమె కూలి పోగొట్టుకొని రేపు మరల వచ్చును. ‘సర్వరు లేదు’ అను ఆ ఒక్క మాట వెనుక ఆరేడు వేర్వేరు లోపములు దాగియుండవచ్చును. వానిలో కొన్ని ఢిల్లీలో ఉండును, కొన్ని ఆ దుకాణపు గోడపైననే ఉండును. ఎచ్చట తెగినదో అడుగగల సభ్యుడు ఊరిలో ఉన్నచో ఆమె రెండవ ప్రయాణము తప్పవచ్చును.

ఉదాహరణముగా జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ మండలములోని ఒక పంచాయతీ కార్యాలయమును తీసికొందము. కార్యదర్శి బిల్లు వివరములను ‘ఈ-గ్రామ్ స్వరాజ్’ నందు నమోదు చేయుచున్నాడనుకొందము. పంచాయతీల ప్రణాళికలకు, లెక్కలకు ఏర్పడిన ఈ వేదిక 2020 ఏప్రిల్ 24న, జాతీయ పంచాయతీరాజ్ దినమున ప్రారంభమైనది. మీట నొక్కిన తరువాత ఆ వివరములు ఏ దారిన పోవును?

మొదట అవి కార్యాలయపు గది దాటవలెను. ఆ గదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, రెండు మూడు సెల్‌ఫోనులు ఉండును. వీని నన్నింటిని బయటి లోకముతో కలుపు చిన్న పెట్టె రౌటరు. క్రొత్త ఫోను ఒకటి గదిలోనికి వచ్చి చేరగోరినపుడు రౌటరు దానికి ఒక చిరునామా ఇచ్చును. శాశ్వతముగా కాదు, కౌలునకు! గడువు తీరులోగా కౌలు పొడిగించుకొననిచో ఆ చిరునామా వేరొక పరికరమునకు పోవును. మన కౌలుదారునకు పత్రము చేతికి వచ్చుట ఎంత కష్టమో తెలిసినవారికి ఈ యంత్రపు కౌలు క్షణములో ముగియుట వింతగా తోచవచ్చును.

ఇది కాక కంప్యూటరునకు తయారీలోనే ఇచ్చిన 48 బిట్ల సంఖ్య మరొకటి ఉండును. చిరునామా ఇంటి నంబరు వంటిది, ఈ సంఖ్య పుట్టుమచ్చ వంటిది. ఫలానా చిరునామా ఏ యంత్రమునకు ఉన్నదో తెలియనపుడు కంప్యూటరు డప్పు చాటింపు వేయును. ‘ఈ చిరునామా ఎవరిది?’ అని గదిలోని అన్నింటిని అడుగును. అందరును విందురు, ఆ చిరునామా గల యంత్ర మొక్కటే బదులు చెప్పును. మన చాటింపు ఊరి పొలిమేర దాటనట్లే ఈ చాటింపును రౌటరును దాటి పోదు.

పోవలసిన సమాచారము ఒక్క ముద్దగా పోదు. ధాన్యపు రాశిని కొనుగోలు కేంద్రమున బస్తాలకెత్తి పంపినట్లు దానిని చిన్న పొట్లములుగా విభజింతురు. వీనిని ప్యాకెట్లందురు. కార్యాలయపు తీగపై సాధారణముగా ఒక్కొక్క ప్యాకెట్టు 1500 బైట్లకు మించదు. తెలుగు లిపిలో ఒక్కొక్క సంకేతమునకు 3 బైట్లు పట్టును. గుణింతపు గుర్తును, సున్నయును వేరువేరు సంకేతములే గనుక ‘రేగొండ’ అను పేరునకు 18 బైట్లు కావలెను. ఒక పుట బిల్లు అయినను కొన్ని ప్యాకెట్లగును, ఒక ఛాయాచిత్రమైనచో వందలు, వేలు. ప్రతి ప్యాకెట్టుపై పంపినవారి చిరునామా, అందుకొనువారి చిరునామా, వరుస సంఖ్య ఉండును. లారీలు వేర్వేరు దారుల పోయినను మిల్లులో బస్తాలను లెక్క సరిచూచుకొనునట్లు ప్యాకెట్లు వెనుక ముందులుగా చేరినను అవతలి యంత్రము వానిని వరుసలో పేర్చుకొనును.

దారిలోని రౌటర్లలో ఏ ఒక్కదానికిని మొత్తము దారి తెలియనక్కరలేదు. ఇది ప్రజలు తరచు అపార్థము చేసికొను విషయము. తపాలాలో 1972 ఆగస్టు 15న పిన్‌కోడు ప్రారంభమైనది. 506 తో మొదలగు సంఖ్య చూడగానే చెన్నైలోని తపాలా ఉద్యోగి ఆ ఉత్తరమును వరంగల్లు సంచిలో వేయును. రేగొండ ఎచ్చటనున్నదో అతడు ఎరుగనక్కరలేదు. వరంగల్లునకు వచ్చిన తరువాత మిగిలిన అంకెలు చూచువారు వేరే ఉందురు. రౌటరును ఇట్లే చిరునామాలోని ముందు భాగమును చూచి, తరువాతి మజిలీ ఏదో నిశ్చయించి, అచ్చటికి నెట్టివేయును. ఒక దారి మూసికొన్నచో, మరియొక దారి ఉన్నచో, అటు పంపును. మరియొక దారి ‘ఉన్నచో’ అను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. దానికి మరల వత్తుము.

చాలకాలముగా వాడుకలోనున్న చిరునామాలు చుక్కలతో వేరుచేసిన నాలుగు సంఖ్యలు. ఒక్కొక్కటి 0 మొదలు 255 వరకు. వీనితో సుమారు 430 కోట్ల చిరునామాలు మాత్రమే ఏర్పడును. ప్రపంచ భాండారములోని చివరి కట్టలు 2011 ఫిబ్రవరిలోనే పంచివేయబడినవి. అందుచేత ఉమ్మడి కుటుంబములో అందరును ఒకే ఇంటి నంబరు వాడుకొనునట్లు ఒక కార్యాలయములోని పరికరము లన్నియు బయటికి ఒకే చిరునామాతో కనబడుట ఆచారమైనది. 128 బిట్ల క్రొత్త చిరునామాలును వ్యాప్తిలోనికి వచ్చుచున్నవి. మనము తెరపై వ్రాయు పేరును చిరునామా సంఖ్యగా మార్చి చెప్పుటకు వేరుగా యంత్రములు కలవు. అవి పలుకనిచో అవతలి సర్వరు చక్కగా ఉన్నను లేనట్లే తోచును.

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము. ఇట్లు మజిలీ మజిలీకి నెట్టు రౌటర్లు ప్యాకెట్టు చేరునని పూచీపడవు. దారిలో రద్దీ ఎక్కువైనచో దానిని పారవేయును, పారవేసితినని చెప్పుటయు అరుదు. ఇంత నమ్మరాని దారిపై నమ్మదగిన మాట ఎట్లు సాగును? 1974లో అమెరికా శాస్త్రజ్ఞులు వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ ఒక వ్యాసమున దీనికి ఉపాయము చూపిరి. పూచీని దారిలోని రౌటర్లపై కాక రెండు చివరలనున్న యంత్రములపైననే పెట్టవలెనని ఆ ఉపాయపు సారము. 1983 జనవరి 1న అమెరికాలోని ఆర్పానెట్ అను పరిశోధన జాలము ఈ పద్ధతికి మారినది. ఇండియాలో ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వచ్చునాటికి అదే లోకమంతట ఆచారమైనది.

పద్ధతి ఇది. మాట మొదలు పెట్టుటకు ముందు మూడు పలుకులు. ‘మాటలాడవచ్చునా?’ అని ఒకటి. ‘నాకు వినబడినది, నీకు వినబడుచున్నదా?’ అని రెండవది. ‘వినబడుచున్నది’ అని మొదటిదాని బదులు. వాగు అవతలి గట్టుననున్న మనిషితో కేకవేసి మాటలాడువారు ఇదే చేయుదురు గదా! తరువాత ప్యాకెట్లు పోవును. అందినవానికి అవతలి యంత్రము రసీదు పంపును. నిర్ణీత కాలములో రసీదు రానిచో పంపినది మరల పంపును.

అన్నింటికిని రసీదు పద్ధతి తగదు. ఫోను సంభాషణలో ఒక తునక పోయినచో దానిని మరల తెచ్చులోగా మాట దాటిపోవును. అందుచేత అట్టివానికి రసీదు లేని పద్ధతియే ఎక్కువగా వాడుదురు. వరద హెచ్చరికలు ఒక సెల్ టవరు క్రింది ఫోనుల కన్నింటికి ఒకేసారి పోవు విధానమును నిజమైన చాటింపే, ఎవరు విన్నారో లెక్క ఉండదు. రేగొండకు పొరుగుననున్న భూపాలపల్లి మండలములో 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినది. జనులు ఇండ్ల కప్పులపైకెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. అట్టి వేళ ఫోనులోని హెచ్చరికతోపాటు ఊరి డప్పును మ్రోగవలెనని మా అభిప్రాయము. ఒకటి విననివారు మరియొకటి విందురు.

రసీదుల పద్ధతిలోను ఒకప్పుడు పెద్ద చిక్కు వచ్చినది. 1986 అక్టోబరులో అమెరికాలోని బర్క్‌లీలో సుమారు 400 గజముల దూరమున నున్న రెండు సంస్థల నడుమ సమాచార వేగము సెకనుకు 32,000 బిట్ల నుండి 40 బిట్లకు పడిపోయినది. కారణమేమి? రద్దీవలన రసీదులు ఆలసించినవి. రసీదు రాలేదని ప్రతి యంత్రమును మరల మరల పంపినది. అందువలన రద్దీ ఇంకను పెరిగినది. వాన్ జాకబ్సన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని పరిశీలించి 1988లో నివారణోపాయములను ప్రకటించెను. చెరువు తూమును ఒక్కసారిగా ఎత్తక కాలువ గట్టు తాళునో లేదో చూచుచు కొంచెము కొంచెముగా ఎత్తుట, గండిపడు సూచన కనబడగానే దించుట, ఇదే ఆ ఉపాయము. నేటి కంప్యూటర్లును ఈ మార్గమునే అనుసరించుచున్నవి. తెర కదలలేదని కార్యాలయములో పదిమారులు మీట నొక్కువారు మాత్రము 1986 నాటి యంత్రముల వలెనే ప్రవర్తించుచున్నారు.

ఈ తొందరపాటు సమయమునే కాదు, సొమ్మును కూడ తినవచ్చును. బస్తాలు చేరినవని మిల్లువారు ట్రక్ షీటుపై ముద్ర వేయుదురు. అది ధాన్యము చేరినదనుటకు రుజువు, రైతు ఖాతాలో డబ్బు పడినదనుటకు కాదు. అట్లే యంత్రములు తమలో తాము మార్చుకొను రసీదు ప్యాకెట్లు చేరినవనియే చెప్పును. చెల్లింపు జరిగినదా అను విషయమునకు ఖజానా లేక బ్యాంకు ఇచ్చు లావాదేవీ సంఖ్య వేరు. తెర మధ్యలో నిలిచిపోయినపుడు రెండు అవకాశములు కలవు. మన విన్నపమే చేరి యుండకపోవచ్చును. లేదా విన్నపము చేరి, పని జరిగి, బదులు మాత్రము దారిలో పోయి యుండవచ్చును. ఇచ్చటి నుండి చూచువారికి రెండును ఒక్కటిగనే కనబడును. రెండవది జరిగినపుడు మరల నొక్కినచో, అవతల రెండవ విన్నపమును గుర్తించి ఆపు ఏర్పాటు లేకున్న, ఒకే బిల్లు రెండుమారులు చెల్లిపోవచ్చును. కనుక ముందు పాత లావాదేవీ గతి చూచుకొని తరువాతనే క్రొత్తది మొదలు పెట్టవలెను.

రేషను యంత్రము సంగతియు ఇదే. అది సాధారణముగా సిమ్‌కార్డు ద్వారా సెల్ టవరును పట్టుకొనును. వ్రేలిముద్ర వివరములు రహస్య లిపిలో ఆధార్ కేంద్రమునకు పోయి, ‘అవును’ లేక ‘కాదు’ అను బదులు తిరిగి వచ్చును. ఆధార్ సమాచార కేంద్రములు బెంగళూరునందును, హర్యానాలోని మానేసర్‌నందును కలవు. ‘కాదు’ అను బదులు వచ్చినచో లోపము వ్రేలిముద్ర పోలికలో ఉన్నది. పొలము పనులలో అరిగిన వ్రేళ్లకు ఇది తరచు జరుగును, వేరొక వ్రేలితో చూడవలెను. అసలు బదులే రానిచో లోపము దారిలో ఉన్నది. వేరొక వ్రేలు, వేరొక మనిషి వచ్చినను ఫలముండదు. ఈ రెండును ఒక్కటి కావని దుకాణదారునకు తెలియజేయుట పంచాయతీ చేయదగిన పని.

ఇక దారి మాట. గ్రామాలకు గాజు తీగల ద్వారా సమాచారము చేర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించినది. తరువాత దానికి భారత్‌నెట్ అని పేరు వచ్చినది. తెలంగాణములో మిషన్ భగీరథ నీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే అనేకచోట్ల ఈ తీగలకును దారి ఏర్పరచిరి. ఒకే త్రవ్వకముతో నీరును మాటయు! ఈ తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. రేగొండ నుండి హైదరాబాదు చేరుటకు సెకనులో వెయ్యవ వంతుకన్న పెద్దగా ఎక్కువ పట్టదు. అంత వేగముగల తీగయు ఒక్క గడ్డపార పోటునకు, ఒక్క జె.సి.బి. పంటికి తెగిపోవును.

మొదటి దశలో చాలచోట్ల మండల కేంద్రము నుండి ఊరికి ఒకే తీగ సాగినది. అది తెగినచో వేరు దారి లేదు. 2023 ఆగస్టు 4న ఆమోదింపబడిన సవరణ పథకమున ఊళ్లను వలయముగా కలుపవలెనని నిర్ణయించిరి. వలయములో ఒక ప్రక్క తెగినను రెండవ ప్రక్కనుండి ప్యాకెట్లు చుట్టివచ్చును. పైన మేము గుర్తుంచుకొనుమన్న మాట ఇదియే. వలయము పూర్తియైన ఊరిలోనైనను తెగిన ప్రక్కను బాగుచేయక యుంచిన, రెండవ దెబ్బకు ఊరు మూగవోవును. కనుక మురుగు కాలువకో, రోడ్డునకో త్రవ్వకము మొదలుపెట్టుటకు ముందు క్రింద ఏ తీగ ఉన్నదో తెలిసికొనవలెను. ఇందులకై 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అను ఫోను సాధనమును కేంద్రము విడుదల చేసినది. త్రవ్వువారు అందులో తెలియజేసినచో ఆ భూమిలో తీగలు, గొట్టములు గల సంస్థలకు కబురు పోవును. గుత్తేదారునకు పని అప్పగించు తీర్మానములోనే ఈ షరతు వ్రాయుట మంచిది.

మరియొక మాట. సమాచారమును రహస్య లిపిలో పంపు ఏర్పాటు గట్టిదే, తెరపై తాళము గుర్తు దానికి చిహ్నము. కాని సర్పంచి డిజిటల్ సంతకపు కీని, దాని రహస్య సంఖ్యను కంప్యూటరు నడుపువాని చేతిలో పెట్టి ఊరుకొన్నచో ఏ లిపియు కాపాడలేదు. అది తెల్లకాగితముపై సంతకము చేసి ఇచ్చుటతో సమానము.

కార్యాలయములో ‘నెట్టు లేదు’ అన్నపుడు చూడవలసిన వరుస చెప్పెదము. ముందు కరెంటు, బ్యాటరీ. తరువాత గాజు తీగ వచ్చి చేరు పెట్టెపై దీపములు. సాధారణముగా ‘లాస్’ అని పిలుచు దీపము ఎర్రగా మినుకుచున్నచో వెలుతురు ఊరివరకు రాలేదన్నమాట. తీగ ఎచ్చటనో తెగినది లేక వంగినది, కంప్యూటరును ఎంత తట్టినను లాభము లేదు. ఆ దీపము ఆరియుండి పచ్చదీపము నిలుకడగా ఉన్నచో తీగ మంచిది, లోపము రౌటరులోనో కంప్యూటరులోనో వెదుకవలెను. ఇతర వెబ్‌సైట్లు తెరచుకొని ఒక్క ఈ-గ్రామ్ స్వరాజ్ మాత్రమే తెరచుకొననపుడు, అప్పుడు మాత్రమే, ‘సర్వరు లేదు’ అనుటకు కొంత ఆధారము కలదు. తేదీ, వేళ, వెలిగిన దీపపు రంగు, ఫిర్యాదు సంఖ్య ఒక పుస్తకములో వ్రాసి ఉంచినచో, నెల చివర పంచాయతీ సమావేశమున ఎన్ని దినములు ఎందుచేత పని ఆగినదో కార్యదర్శి చదివి వినిపింపగలడు.