పిల్లల విహారయాత్ర - బండి సంగతి ముందు అడగండి!

సెలవులు వచ్చాయంటే పిల్లలకు విహారయాత్రల సందడి. స్కౌట్లు, ఎన్.సి.సి. దళాలు, యువజన సంఘాలు, బడులు - అందరూ బయలుదేరేవారే. మార్కాపురం వారు దోర్నాల మీదుగా శ్రీశైలం వెళతారు. గిద్దలూరు వారు నల్లమల దాటి మహానంది వెళతారు. దగ్గరలో కంభం చెరువు ఉండనే ఉంది. ఇవన్నీ పిల్లలు చూడవలసిన చోట్లే. వద్దని ఏ వైద్యుడూ చెప్పడు.

అయితే పులిహోర పొట్లం, చేతి ఖర్చు, కొత్త చెప్పులు - వీటి గురించి ఆలోచించినంతగా మనం పిల్లవాడు ఎక్కబోయే బండి గురించి ఆలోచించం. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే వైద్యునిగా నేను చెప్పేదొక్కటే: విహారయాత్రలో పెద్ద ప్రమాదం చాలాసార్లు చూడబోయే చోట ఉండదు, వెళ్ళే దారిలో ఉంటుంది.

ఒక పిల్లకు ఒక సీటు

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి దేనికైనా గుద్దుకుని ఆగిపోతే, లోపలి మనిషికి తగిలే దెబ్బ సుమారు 6 మీటర్ల ఎత్తునుంచి పడినంత. అంటే రెండంతస్తుల మేడ మీదనుంచి పడినట్టే. వేగం 60 అయితే ఆ ఎత్తు 14 మీటర్లు దాటుతుంది.

“చిన్నవాడేగా, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను” అంటారు కొందరు. 20 కిలోల పిల్లవాణ్ణి అలాంటి కుదుపులో పట్టి ఆపాలంటే రెండు క్వింటాళ్ళకు పైగా బరువును ఆపగలగాలి. అది ఏ తండ్రి చేతులకూ సాధ్యం కాదు. కనుక ఒక పిల్లకు ఒక సీటు. బెల్టు ఉంటే అది తప్పక పెట్టాలి, వెనక సీటులో కూడా. 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టు గాని, తగిన ఏర్పాటు గాని లేకపోతే బండి నడిపేవారికి వెయ్యి రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది.

తిరునాళ్ళకు వెళ్ళినట్టు ట్రాక్టరు ట్రక్కులోనో, సరుకుల ఆటోలోనో పిల్లల్ని నింపి పంపకండి. బండి బోల్తాపడితే అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఘాటు దారిలో

మలుపుల దారిలో చాలామంది పిల్లలకు వాంతులవుతాయి. వాంతి వచ్చినప్పుడు కిటికీలోంచి తల బయట పెట్టడం మామూలే. ఎదురుగా లారీ వస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? అందుకే ప్రతి పిల్లకు రెండు కవర్లు ఇవ్వండి. బయలుదేరడానికి రెండు గంటల ముందు ఇడ్లీ వంటి తేలిక ఆహారం పెట్టండి. వాంతులయ్యే పిల్లల్ని ముందు వరసల్లో కూర్చోబెట్టి, దూరంగా రోడ్డు వైపు చూడమనండి. పుస్తకం, సెల్‌ఫోను చూడనివ్వకండి. వాంతుల బిళ్ళ వేయదలిస్తే ఎంత వేయాలో వైద్యుణ్ణి అడగండి.

రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. తెల్లవారుజామున డ్రైవరుకు కునుకు పడుతుంది. పైగా నల్లమలలో చాలాచోట్ల ఫోనుకు సిగ్నలు అందదు.

బండి ఆగినప్పుడు

2014 జూన్ 8న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు కొందరు హిమాచల్ ప్రదేశ్ విహారయాత్రలో మండి జిల్లాలో బియాస్ నదిలోకి దిగారు. ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీరు ఒక్కసారిగా వచ్చి 24 మంది విద్యార్థులను పొట్టనబెట్టుకుంది. వారు పసివాళ్ళు కారు, చదువుకున్న యువకులు, యువతులు. దారిలో నీరు కనబడగానే దిగడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ఆరేడుగురు పిల్లలకొక పెద్దవారిని నియమించండి. దిగినప్పుడొకసారి, ఎక్కినప్పుడొకసారి లెక్కపెట్టండి. ఉబ్బసం, మూర్ఛ ఉన్న పిల్లల మందులు, వారి పేరు, ఇంటి ఫోను నంబరు రాసిన చీటీ ఆ పెద్దవారి దగ్గర ఉండాలి.

ప్రమాదం జరిగితే

వెంటనే 108కి ఫోను చేయించండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా పది నిమిషాలు నొక్కిపట్టండి. మధ్యలో తీసి చూడకండి. కాఫీపొడి, పసుపు వంటివి పూయకండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు, సోడా పోయకండి. ఊపిరి ఆడుతుంటే తల, మెడ, ఒళ్ళు ఒకే వరసలో ఉండేలా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మెడకు, వెన్నుకు దెబ్బ తగిలిందనిపిస్తే కాళ్ళూ చేతులూ పట్టి లాగకండి. మంటలు వంటి ప్రాణాపాయం ఉంటే తప్ప ఉన్నచోటునుంచి కదపకండి.

తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు బాగానే ఉన్నట్టు కనిపించినా ఒకరోజు కనిపెట్టి ఉండండి. మళ్ళీమళ్ళీ వాంతులు, మత్తు, మూర్ఛ కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పోలీసుల భయంతో దారినపోయేవారు వెనుకాడనవసరం లేదు. మంచి మనసుతో సాయం చేసినవారికి చట్టం రక్షణ ఇస్తోంది.

విహారయాత్రకు పేరు ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి. బండిలో సీట్లెన్ని, పిల్లలెందరు? డ్రైవరు ముందు రాత్రి నిద్రపోయాడా? పిల్లల్ని లెక్కపెట్టే బాధ్యత ఎవరిది? జవాబు సరిగా రాకపోతే మొహమాటపడకండి, పంపనని చెప్పండి. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు శ్రీశైలం చూడవచ్చు.