అంగడియా, రచ్చబండయా?

సంతకు పోయినవాడు సరుకు కొనుటకే పోవునా? ఉప్పు, చింతపండు కొనుట ఒక పని. పొరుగూరి వియ్యంకుని క్షేమము అడుగుట, ఎడ్ల ధర తెలిసికొనుట, చెట్టునీడను కూర్చుండి నాలుగు మాటలాడుట తక్కిన పనులు. కొనుగోలు ముగిసిన పిమ్మట కూడ మనుష్యుడు ఇల్లు చేరక నిలిచినచో, ఆ చోటు అంగడి మాత్రమే కాదు, ఊరి రచ్చబండ కూడ. నేడు లోకమంతట మాల్ అను పేరున వెలసిన మహాభవనములు ఈ రెండు పనులును తామే చేయుదుమని చెప్పుకొనుచున్నవి. ఒకే అచ్చున పోసినట్లు కనబడు ఈ భవనములు దేశదేశమున వేర్వేరు బుద్ధులు కలిగియున్నవి. వాని పరిమాణమును నిర్ణయించినది వర్తకుల ధనము మాత్రమే కాదు. ఎండ, మంచు, మోటారు కారు, శాసనము, ఇవన్నియు కలిసి నిర్ణయించినవి.

ఈ భవనమునకు మూలపురుషుడని పేరు పొందిన విక్టర్ గ్రూయెన్ అమెరికాలో పుట్టినవాడు కాడు. 1903లో వియన్నా నగరమున ఒక యూదు కుటుంబమున జన్మించిన వాస్తుశిల్పి. 1938లో హిట్లరు ఆస్ట్రియాను ఆక్రమింపగా, దేశము విడిచి అమెరికా చేరినాడు. అచ్చటి శివారు కాలనీలలో ఇల్లు ఒకచోట, అంగడి మరొకచోట. రెంటికిని నడుమ కారు. మనిషిని మనిషి పలుకరించుటకు వీథి లేదు. వియన్నా చౌకులను, కాఫీ హోటళ్లను మరువని ఆ ప్రవాసి ఈ లోటు తీర్పనెంచినాడు. 1956 అక్టోబరులో మిన్నెసోటా రాష్ట్రమున, మినియాపొలిస్ చేరువనున్న ఈడైనాలో, ఆయన రూపించిన సౌత్‌డేల్ తెరచినారు. పూర్తిగా పైకప్పు కప్పి, లోపల ఏడాది పొడవునను ఒకే వాతావరణము నిలిపిన మొదటి మాల్ ఇదియే. వెలుపల మంచు గడ్డకట్టుచుండగా లోపల చెట్లు, పక్షులు, విశాలమైన నడిముంగిలి. చుట్టును ఇండ్లు, పాఠశాలలు, వైద్యశాల, ఉద్యానవనము వెలయవలెనని ఆయన ప్రణాళిక. అది ఆయన తలచినట్లు నెరవేరలేదు. భవనము చుట్టును వచ్చినది కార్లు నిలుపు మైదానము.

అదే 1956లో అమెరికా ప్రభుత్వము దేశమంతట మహారహదారులు వేయుటకు శాసనము చేసినది. అంతకు రెండేండ్ల ముందే పన్నుల చట్టము మారి, కొత్త కట్టడములపై పెట్టిన పెట్టుబడి త్వరగా రాబట్టుకొనుటకు వీలు కలిగినది. భూమి చవుక, పెట్రోలు చవుక. పొలములలో మాల్‌లు లేచినవి, పట్టణముల నడిబొడ్డులు పాడువడినవి. అవసరమునకు మించి కట్టిన దానికి అనంతరకాలమున ఫలము కనబడినది. డెట్రాయిట్ చేరువ 1954లో గ్రూయెన్ నిర్మించిన నార్త్‌లాండ్ 2015లో మూతపడినది. ఒహాయో రాష్ట్రమున 1976లో తెరచిన రాండాల్ పార్క్ మాల్‌ను పడగొట్టి, ఆ స్థలముననే అమెజాన్ సంస్థ గిడ్డంగి కట్టినది.

మంచుదేశమైన కెనడాలో మాల్ పరమార్థమే వేరు. 1981లో తెరచిన వెస్ట్ ఎడ్మంటన్ మాల్ పలు సంవత్సరములు ప్రపంచమున అతి పెద్దదిగా నిలిచినది. ఆ మాల్‌లో అలలు లేచు కొలను, మంచుపై జారు మైదానము కలవు. శీతకాలమున సున్నకు ఎంతో దిగువకు పోవు చలిలో పిల్లలకు అదే ఆటస్థలము. దుబాయిలో చలికి మారుగా ఎండ. 2008లో తెరచిన దుబాయి మాల్‌లో సుమారు 1,200 దుకాణములు కలవు. గ్రీష్మమున వీథిలో నడువజాలని వారికి అచ్చటి చల్లని నడవలే వీథులు. ఫిలిప్పీన్సులో ఎండకు వానయు తోడైనది. 1958లో మనీలాలో చెప్పుల దుకాణము పెట్టిన హెన్రీ సీ స్థాపించిన సంస్థయే 2006లో మాల్ ఆఫ్ ఏషియాను తెరచినది. ఆ దేశపు మాల్‌లలో ఆదివారము క్రైస్తవ ప్రార్థనలు జరుగును. పాస్‌పోర్టు కార్యాలయములును కొన్నిట గలవు. అనగా మాల్ అచ్చట గుడి, కచేరి కూడ.

జర్మనీలో దీనికి విరుద్ధము. ఆదివారపు విశ్రాంతిని 1919 నాటి రాజ్యాంగము కాపాడినది. 1949 నాటి మూలశాసనము దానిని నిలుపుకొన్నది. కావున ఆదివారము మాల్ తలుపులు సాధారణముగా మూసియుండును. ఫ్రాన్సులో 1973లో చేసిన శాసనము పెద్ద దుకాణము తెరువవలెనన్న స్థానిక సంఘము అనుమతి పొందవలెనని విధించినది. చిన్న వర్తకుని రక్షణయే దాని ఉద్దేశము. జపాను కూడ 1973లో అట్టి శాసనమే చేసి 2000లో రద్దు చేసినది. పిమ్మట శివారులలో మాల్‌లు పెరిగినవి. చిన్న పట్టణముల బజారులకు మూసిన షట్టర్ల వీథులని పేరు వచ్చినది. చైనాలో డాంగ్వాన్‌లో 2005లో తెరచిన సౌత్ చైనా మాల్ రెండువేలకు పైగా దుకాణములకు చోటు కలిగియు చాల ఏండ్లు ఖాళీగా నుండినది. చుట్టును ఉన్నవారు కర్మాగారములలో పనిచేయు వలస కూలీలు. పరిమాణము గిరాకిని పుట్టింపలేదు.

భారతదేశమున ఈ భవనములు 1999 నుండి ప్రబలినవి. ఆ ఏట ముంబయిలో తెరచిన ఒక మాల్, జనసమ్మర్దము తాళలేక, సెల్ ఫోనో క్రెడిట్ కార్డో చూపినవారికే ప్రవేశమని, తక్కినవారు రుసుము చెల్లింపవలెనని నియమము పెట్టినది. 2009లో హైదరాబాదులో ఇనార్బిట్, జీవీకే వన్ తెరచినారు. సుల్తాన్ బజారులో బేరమాడి చీర కొను గృహిణియే వేసవి సాయంకాలము మాల్‌కు పోయి, ఏమియు కొనకయే చల్లగాలి అనుభవించి రాగలదు. అచ్చట బేరము లేదు, కొసరు లేదు. అయినను కూర్చుండుటకు బల్ల ఉన్నది.

ఆ బల్ల ఎవరిది? అసలు ప్రశ్న ఇదియే. 1972లో అమెరికా సుప్రీము కోర్టు ఒక వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, మాల్ స్వంత ఆస్తి గనుక యుద్ధమునకు విరోధముగా కరపత్రములు పంచువారిని యజమాని వెలుపలికి పంపవచ్చుననినది. 1980లో, రాష్ట్రములు తమ రాజ్యాంగము ప్రకారము అట్టి హక్కు ఈయవచ్చునని అదే కోర్టు అంగీకరించినది. సంతలో ఎవరైనను పలుకవచ్చును. మాల్‌లో పలుకుటకు యజమాని ఓర్పు కావలెను.

గ్రూయెన్ 1968లో వియన్నాకు తిరిగి వచ్చినాడు. 1976లో ఆ నగరమునకు దక్షిణమున షాపింగ్ సిటీ జ్యూడ్ అను పెద్ద మాల్ తెరచినారు. చిన్న వర్తకుని పోషించిన తన ఊరి వాకిటనే తన ఊహ వికృతరూపమున నిలిచినదని ఆయన బాధపడినాడు. 1978లో బహిరంగముగా ఆ భవనములతో సంబంధము తెంచుకొని, 1980లో కన్నుమూసినాడు. ఆయన కోరినది పదిమంది కలిసికొను చౌకు. కొనువాడు దొరికిన చోట చౌకు కూడ దానంతట అదే పుట్టునని ఆయన నమ్మినాడు. ఏ ఊరిలో మాల్ లేచినను, కొననివానికి ఆ ఊరిలో కూర్చుండ చోటు మిగిలినదా అని చూచుట ఆ ఊరివారి పని.