బరువులు మోసే ట్రైలరు – ఎంపికలో సైన్సు

హైదరాబాదు నుంచి పూణే వెళ్ళే జాతీయ రహదారి ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డును కలుస్తుంది. చుట్టుపక్కల పటాన్‌చెరు, రామచంద్రాపురం, సంగారెడ్డి – అన్నీ కర్మాగారాలున్న ఊళ్ళే. ఆ కూడలిలో ఉక్కు దూలాలు, బాయిలర్లు, పొక్లెయిన్లు మోసుకుపోయే రకరకాల ట్రైలర్లు కనిపిస్తాయి.

సొంత బండి నడుపుకునే ఒక డ్రైవరు అప్పు చేసి ఒకే ఒక్క ట్రైలరు కొనాలనుకున్నాడనుకోండి. ఏది కొనాలి? తప్పు బండి కొంటే బాడుగలు దొరకవు. అప్పు వాయిదాలు మాత్రం ఆగవు. అతనికి సాయపడే సూత్రాలు మీ పాఠాల్లోనే ఉన్నాయి.

మొదటిది ఎత్తు. మామూలు ఫ్లాట్‌బెడ్ నేలనుంచి సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. లోబెడ్ మీటరుకు అటూ ఇటూ. 3 మీటర్ల యంత్రాన్ని మొదటిదాని మీద ఎక్కిస్తే మొత్తం ఎత్తు నాలుగున్నర మీటర్లు! కరెంటు తీగలతో ప్రమాదం. అంతేకాదు, గరిమనాభి పైకి పోయినకొద్దీ మలుపులో బండి తిరగబడే అవకాశం పెరుగుతుంది.

అయితే లోబెడ్డే కొనాలా? తొందరపడకండి. అది మధ్యలో పల్లంగా ఉంటుంది కనుక పొడవాటి దూలాలు సమంగా కూర్చోవు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర పొట్ట నేలకు తగలవచ్చు.

రెండవది ఇరుసులు. 2018లో సవరించిన నిబంధనల ప్రకారం నాలుగు టైర్ల ఒంటి ఇరుసు మీద 11.5 టన్నులు, జంట ఇరుసుల మీద 21, మూడిరుసుల మీద 27 టన్నులు మించరాదు. ఎందుకీ కట్టడి? 1958–60లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిగిన రోడ్డు పరీక్షలు ఒక వింత తెలిపాయి. రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువుకు సుమారుగా నాలుగవ ఘాతంలో పెరుగుతుంది. బరువు రెట్టింపయితే నష్టం 2×2×2×2, అంటే 16 రెట్లు! బరువును ఎక్కువ ఇరుసులకు పంచడంలోని రహస్యమిదే.

మూడవది ట్రైలరు సొంత బరువు. లాగే బండి ముందు ఇరుసుకు 7, వెనుక జంట ఇరుసులకు 21, ట్రైలరు మూడిరుసులకు 27 – మొత్తం 55 టన్నులు. ఇందులో లాగే బండి 10, ట్రైలరు 10 టన్నులనుకుంటే సరుకుకు మిగిలేది 35. ట్రైలరు 14 టన్నులయితే 31 మాత్రమే! అంటే ప్రతి ప్రయాణంలోనూ 4 టన్నుల బాడుగ పోయినట్టే.

ఇప్పుడు తీర్పు చెప్పండి. అన్ని రకాల పనులూ కావాలంటే మధ్యస్థపు ఎత్తుగల మూడిరుసుల సెమీ లోబెడ్ మేలు. ముందు చిన్న మెట్టు, ఆ తరువాత చివరిదాకా ఒకే మట్టం. దూలాలూ పడతాయి, పొక్లెయినూ ఎక్కుతుంది. వంద టన్నులు దాటిన సరుకులకు మాత్రం ఎన్నో ఇరుసుల హైడ్రాలిక్ ట్రైలర్లే కావాలి. వాటిలో నూనె పీడనం పాస్కల్ నియమం ప్రకారం బరువును ఇరుసులన్నిటికీ సమంగా పంచుతుంది. అవి పెద్ద కంపెనీల పని.

చివరగా మీకొక లెక్క. ఒక ఇరుసు మీద 10 టన్నులకు బదులు 12 టన్నులు వేస్తే రోడ్డుకు నష్టం ఎన్ని రెట్లు? 1.2ను నాలుగుసార్లు గుణించి చూడండి. సమాధానం మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది!