ఎన్‌సీసీ-1701: ఒక మిలిటరీ మనిషి గీసిన నౌక

ఎన్‌సీసీ అంటే మనకి ఖాకీ డ్రెస్, టోపీ మీద ఎర్ర తురాయి, పరేడ్ అయ్యాక ఇచ్చే టిఫిన్. కానీ 'స్టార్ ట్రెక్' అనే అమెరికన్ సీరియల్లో ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక మీద కూడా ఎన్‌సీసీ-1701 అని రాసి ఉంటుంది. దానికీ మన క్యాడెట్లకీ చుట్టరికం ఏమీ లేదు లెండి. ఆ నంబర్ వేసినాయన మాత్రం నిజంగానే మిలిటరీలో చేసిన మనిషి. పేరు మ్యాట్ జెఫరీస్. లేని నౌకని ఉన్నట్టు నమ్మించడం ఎలాగో తెలుసుకోవాలంటే ఆయన పని చూడాలి.

జెఫరీస్ 1921లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఆర్మీ వైమానిక దళంలో, బాంబర్ విమానాల్లో పనిచేశారు. తర్వాత హాలీవుడ్‌లో ఆర్ట్ డైరెక్టర్ అయ్యారు గానీ విమానాల పిచ్చి వదల్లేదు. 1930ల నాటి వాకో విమానం, ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలు ఉండేది, సొంతంగా ఉంచుకున్నారు. స్టార్ ట్రెక్ సృష్టికర్త జీన్ రోడెన్‌బెరీ కూడా యుద్ధంలో బి-17 బాంబర్ పైలట్టే. 1964లో ఆయన జెఫరీస్‌కి పెట్టిన షరతులు వింటే నవ్వొస్తుంది. మంటలు కనపడకూడదు, రెక్కలు ఉండకూడదు, రాకెట్‌లా ఉండకూడదు, కానీ చూడగానే మంచి పవర్ ఉన్న బండి అనిపించాలి. ఏం వద్దో చెప్పారు గానీ ఏం కావాలో చెప్పలేదు. ఫైనలియర్ సీనియర్లు చెప్పే క్లయింట్ల కథలు అచ్చం ఇలాగే ఉంటాయి.

అప్పుడు జెఫరీస్ ఆర్టిస్టులా కాకుండా మెకానిక్‌లా ఆలోచించారు. ఇంత వేగంగా పోవాలంటే ఇంజిన్లు చాలా ప్రమాదకరమైనవి అయి ఉండాలి, కాబట్టి అవి మనుషులకి దూరంగా ఉండాలి, అవసరమైతే ఊడదీసి పడేసేలా ఉండాలి. అందుకే రెండు పొడుగాటి గొట్టాలు సన్నటి స్తంభాల మీద వెనక్కి నిలబడి ఉంటాయి. నౌక పైభాగం నున్నగా ఎందుకుంది? అంతరిక్షంలో రిపేర్ చేయడానికి ఎవడు బయటికి వెళ్తాడు? మెషీన్లన్నీ లోపలే ఉంటే, లోపలి నుంచే పని జరుగుతుంది. బోరు మోటారు పాడైతే పైపులన్నీ బయటికి లాగి కూర్చునే మా వత్సవాయి మెట్ట రైతులకి ఈ లాజిక్ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

నంబర్ వెనక కూడా ఇదే బుద్ధి. పాతకాలం అమెరికన్ పౌర విమానాల మీద ఎన్‌సీ అని ఉండేది, దానికి ఇంకో సీ తగిలించారు. 1701లో 17 అంటే పదిహేడో డిజైన్, 01 అంటే అందులో మొదటి నౌక. 3, 6, 8, 9 కావాలనే వాడలేదు. దూరం నుంచి చూస్తే అవి ఒకదానికొకటి పోలి ఉంటాయి కదా. ఆకాశంలో వెళ్లే విమానం నంబర్ చదవడానికి కళ్లు చిట్లించిన మనిషికే ఇలాంటి ఆలోచన వస్తుంది.

మోడల్ సంగతికొద్దాం. ముందు 33 అంగుళాల చిన్నది, తర్వాత 11 అడుగుల పెద్దది, రెండూ 1964లోనే చేశారు. పెద్దదానికి చెక్క, ప్లాస్టిక్, రేకు వాడారు. బరువు దాదాపు 90 కిలోలు. నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే దాన్ని కుడివైపే పూర్తిగా చేశారు. లోపల లైట్లకి వెళ్లే వైర్లన్నీ ఎడమవైపు నుంచి దూరాయి. కెమెరా అటు వెళ్లదు కాబట్టి అటువైపు డీటెయిలింగ్ మానేశారు. ఎడమవైపు కనపడే షాట్ కావాలంటే అక్షరాలు అద్దంలోలాగా తిరగేసి అంటించి, కుడివైపే తీసి, ఫిల్మ్‌ని తిప్పేసేవారు. గ్రాఫిక్స్ ల్యాబ్‌లో మనం నేర్చుకునే బ్యాక్‌ఫేస్ కల్లింగ్ ఇదే: కెమెరాకి కనపడని ముఖాన్ని గీయొద్దు. వీళ్లు దాన్ని రంపంతో, వైర్లతో చేశారు.

ఇక స్కేలు. కథలో ఎంటర్‌ప్రైజ్ పొడవు 289 మీటర్లు, అంటే సుమారు పన్నెండు ఎల్‌హెచ్‌బీ రైలు బోగీలు. దాన్ని 11 అడుగులకి దించితే స్కేలు దాదాపు 1/85. ఆ లెక్కన అందులో మనిషి ఎత్తు రెండు సెంటీమీటర్లు. మనిషి అంతే ఉంటే కిటికీ ఎంత ఉండాలి? తలుపు ఎంత? ఇదంతా కుదిరితేనే కన్ను నమ్ముతుంది. కిటికీ కొంచెం పెద్దదైతే ఒక్కసారిగా మహానౌక కాస్తా బొమ్మ అయిపోతుంది. మన 'మాయాబజార్' (1957)లో ద్వారక ఊరు కూడా ఇలా చేసిందే. 50 అడుగులకి 60 అడుగుల జాగాలో దాదాపు 300 చిన్న ఇళ్లు కట్టి, కరెంటు దీపాలు పెట్టారు. 'కల్కి'లో బుజ్జి నిజంగా రోడ్డు మీద నడిచే బండి కాబట్టి ఈ లెక్కలోకి రాదు.

స్కేలు మోడళ్లకీ మిలిటరీకీ సంబంధం పాతదే. 1942లో అమెరికా నేవీ స్కూలు పిల్లల్ని 5 లక్షల విమాన మోడళ్లు చేసిపెట్టమని అడిగింది. 50 రకాలు, ఒక్కోటి 10,000. పైన పోతున్నది మనదా, శత్రువుదా అని సైనికులు నీడ చూసి గుర్తుపట్టడానికి. స్కేలు 1/72, అంటే ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళం. ఆ మోడల్‌ని 35 అడుగుల దూరంలో పెడితే, అసలు విమానం 2,520 అడుగుల దూరంలో, అంటే ముప్పావు కిలోమీటరు అవతల ఉన్నట్టు కనిపిస్తుంది. సింపుల్ గుణకారం, కానీ దాని మీద ప్రాణాలు ఆధారపడ్డాయి. మన ఆర్మీలో కూడా ఇసుకతో కొండలు, వాగులు చేసి సాండ్ మోడల్ మీద ప్లాన్ వివరిస్తారు. కాబట్టి నల్ల ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింట్‌తో పేరూ నంబరూ రాసుకుని ఊళ్లు మారే సైనికుడికి మోడళ్ల సరదా ఉంటే నాకేం ఆశ్చర్యం అనిపించదు. ప్రతి పార్టుకీ నంబరు, ప్రతి పనికీ వరస ఉండే బతుకు వాళ్లది. చిన్న చాకు, జిగురు, రెండు బ్రష్షులు ఏ పెట్టెలోనైనా పడతాయి.

1977లో 'స్టార్ వార్స్' వచ్చేసరికి పద్ధతి పూర్తిగా మారింది. అక్కడి మోడల్ మేకర్లు షాపులో దొరికే యుద్ధ ట్యాంకుల, ఓడల, విమానాల కిట్లు వందల కొద్దీ కొని, అందులో ముక్కలు తీసి నౌకల ఒంటి నిండా అంటించారు. దీన్ని కిట్‌బ్యాషింగ్ అంటారు. ఆ ముక్కలకి పనేమీ లేదు, కంటికి మాత్రం పని కల్పిస్తాయి. ఇన్ని చిన్న చిన్నవి కనపడుతున్నాయంటే ఇది చాలా పెద్దదై ఉండాలి అని మెదడు తనే లెక్కేసుకుంటుంది. మొదటి సీన్లో తెర నిండా దొర్లుకుంటూ వచ్చే స్టార్ డిస్ట్రాయర్ అసలు మోడల్ మూడడుగులే. అది తరిమే చిన్న ఓడ మోడల్ దానికి రెట్టింపు, ఆరడుగులు! అంతకుముందు 1968లో '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'కి ఏకంగా 54 అడుగుల నౌక కట్టారు. సైజు వేరు, సైజు ఉన్నట్టు అనిపించడం వేరు.

నా ఓటు మాత్రం జెఫరీస్‌కే. ముక్కలతో కప్పేస్తే తప్పులు కూడా కప్పుకుపోతాయి. నున్నటి దాని మీద చిన్న వంకర కూడా దొరికిపోతుంది.

ఇది మనకి అందని విద్యేం కాదు. వత్సవాయి నుంచి జగ్గయ్యపేట వచ్చి, బెజవాడ రోడ్డెక్కి నందిగామ, కంచికచర్ల, ఇబ్రహీంపట్నం దాకా వెళ్తే పక్కనే కొండపల్లి. అక్కడ తెల్ల పొణికి చెక్కని ఆరబెట్టి, చెయ్యి వేరే, తల వేరే, తొండం వేరే చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. అతుకు కనపడకుండా నునుపు చేసి, సున్నం పూత వేసి, ఆరాక రంగులు. స్పేస్‌షిప్ మోడల్ మేకర్ పుట్టీ, ప్రైమర్, పెయింట్ అని చెప్పేది ఇదే వరస. మొదలుపెట్టాలనుకునే వాళ్లకి ఒక లెక్క చెప్తా. ఎంటర్‌ప్రైజ్ ముందు పళ్లెం వెడల్పు సుమారు 127 మీటర్లు, పాత సీడీ వెడల్పు 12 సెంటీమీటర్లు. సీడీని పళ్లెం అనుకుంటే మొత్తం నౌక పొడవు 27 సెంటీమీటర్లు రావాలి. అయిపోయిన వైట్‌బోర్డ్ మార్కర్లు రెండు ఇంజిన్లకి దాదాపు సరిపోతాయి. మన క్లాసురూముల్లో వాటికి కరువా! మిగతాది సన్‌బోర్డ్, ఎం-సీల్, గరుకు కాగితం. గరుకు కాగితం దగ్గర తొందరపడితే మాత్రం రంగు వేశాక ప్రతి గీతా కనపడుతుంది.

రంగు అంటే గుర్తొచ్చింది. మా వైపు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి, గోపయ్య స్వామి విగ్రహాలకి రంగులు వేయించడానికి రెండేళ్లకోసారి జగ్గయ్యపేట తీసుకొస్తారు. కొత్త రంగు వేయడమే అక్కడ ఉత్సవం. మ్యూజియం వాళ్ల లెక్క దీనికి పూర్తిగా రివర్సు. 11 అడుగుల ఎంటర్‌ప్రైజ్ 1974లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. 1990ల మొదట్లో ఒకసారి రిపేర్ చేసి రంగు కొత్తగా వేస్తే, ఇది అసలు రంగు కాదని అభిమానులు గొడవ. అదృష్టం కొద్దీ పళ్లెం పైభాగాన్ని ఎవరూ ముట్టుకోలేదు. 2016లో మళ్లీ బాగుచేసినప్పుడు ఆ పాత రంగునే ఆధారంగా పెట్టుకుని మిగతాదంతా సరిచేశారు. అప్పుడు దాన్ని నిజంగా ఎగిరిన విమానాల మధ్య, అదే హాల్లో పెట్టారు. ఒక్కసారి కూడా ఎగరలేదు, కానీ వాటి పక్కన నిలబడింది.

33 అంగుళాల చిన్నదాని కథ వేరు. అది రోడెన్‌బెరీ దగ్గర ఉండేది. 1970ల చివర్లో స్టార్ ట్రెక్ మొదటి సినిమా పని జరుగుతున్నప్పుడు ఎవరికో అరువిచ్చారు, తిరిగి రాలేదు. రోడెన్‌బెరీ 1991లో పోయారు, జెఫరీస్ 2003లో. 2023లో హఠాత్తుగా ఒక ఆన్‌లైన్ వేలంలో ప్రత్యక్షమైంది. 2024 ఏప్రిల్లో రోడెన్‌బెరీ కొడుకు చేతికి వచ్చింది. అంత ప్రపంచాన్ని నమ్మించిన నౌకని జగ్గయ్యపేట బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకోవచ్చు. పక్క సీటాయనకి కాస్త తగులుతుంది, అంతే.